వెలగని దీపానికి వెల ఎక్కువట!

“ఎన్నడూ వెలిగించలేదు” అనే మాట ఒక దీపానికి ప్రశంస ఎలా అవుతుందో ఎంత ఆలోచించినా నాకు బోధపడదు. ఎన్నడూ పాడని గాయకుడు, ఎన్నడూ పాఠం చెప్పని ఉపాధ్యాయుడు అని ఎవరినైనా పొగుడుతామా? కాని అమెరికాలో పాత క్రిస్మసు చెట్టు దీపాలను సేకరించేవారి లోకంలో ఇంతకు మించిన పొగడ్త లేదు. 1930ల నాటిదో 1950ల నాటిదో ఒక దీపాల సరం, అట్టపెట్టె మూత తీయకుండా, బల్బులు తమ తమ గూళ్ళనుంచి కదలకుండా దొరికిందంటే దానికి అగ్రతాంబూలం. అదే సరం ముప్పై పండుగలు ఒక ఇంట్లో వెలిగి, పెట్టె మూలలు నలిగి, మూతమీద ఆ ఇంటి ఇల్లాలు పెన్సిలుతో ఏదో గుర్తు వ్రాసుకొన్నదైతే వెంటనే ధర దిగిపోతుంది.

దీనికి వారిలో ఒక పారిభాషిక పదం కూడా ఉంది. “న్యూ ఓల్డ్ స్టాక్”. అంటే కొత్త పాత సరుకు! మూడు దశాబ్దాలు వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి. దీనికి విగ్రహవాక్యం చెప్పమని పదవ తరగతి పిల్లవాడెవడైనా నిలబడి అడిగి ఉంటే నా గతి ఏమయ్యేదో అని నవ్వుకొన్నాను. పాతబడింది గాని వాడలేదు అని తాత్పర్యం. వయసు వచ్చింది గాని బ్రతకలేదు అన్నట్టు. “మింట్ కండిషన్” అనేది మరొకటి. మింట్ అంటే టంకశాల. అది నాణేలు సేకరించేవారి భాష. చేతులు మారని నాణెం తన ముద్రను చెక్కుచెదరకుండా నిలుపుకొంటుంది కాబట్టి వారికి ఆ కొలత సరిపోవచ్చు. నాణెంలో చూడవలసినదంతా దాని ముఖంమీదనే ఉంటుంది. దీపం సంగతి అట్లా కాదు. దీప ధాతువుకు ప్రకాశించడమే అర్థం. ప్రకాశించనంతవరకు అది గాజుబుడ్డి మాత్రమే.

ముందే ఒక మాట స్పష్టం చేస్తాను. సేకరణతో నాకు తగవు లేదు. పారవేయవలసిన పాతసామాను అని లోకం వదిలేసిన వస్తువును ఏరి, తుడిచి, ఏ యేడాదిది, ఎవరు చేశారు అని గుర్తించి దాచినవారికి నేను చేతులెత్తి మ్రొక్కుతాను. వెలిగించకుండా ఉంచడమే సంరక్షణ అనే సిద్ధాంతంతోనే నా తగవంతా. ఆ సిద్ధాంతం తప్పు. అది దీపాన్ని కాపాడదు, బేరాన్ని కాపాడుతుంది.

క్రిస్మసు చెట్టు దీపాలతో తెలుగు పండితుడికేమి పని అని అడిగేవారుంటారు. మా పెద్దబ్బాయి ఒహాయోలో ఉంటాడు. ఉద్యోగ విరమణ తరువాత నేనూ మా ఇంటావిడా అక్కడ నాలుగు శీతకాలాలు గడిపాము. వయసు మళ్ళినవారు గతించిన ఇళ్ళలో సామానంతా అమ్మకానికి పెట్టే ఎస్టేట్ సేల్ అనే సంతలు అక్కడ వారం వారం జరుగుతుంటాయి. మంచులో నడక మానుకోవలసివచ్చిన నాకు అవే కాలక్షేపమయ్యాయి. పాత పుస్తకాలకోసం పోయి పాత దీపాలు తెచ్చుకోవడం మొదలైంది. ఇప్పుడు నా దగ్గర పదకొండు పెట్టెలున్నాయి. పదకొండూ వెలుగుతాయి.

వీటి చరిత్ర కొంత చెప్పకపోతే వాదం గాలిలో ఉంటుంది. ఎడిసన్ సహచరుడు, ఆయన విద్యుద్దీప సంస్థకు ఉపాధ్యక్షుడు అయిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882 డిసెంబరు 22న న్యూయార్కులోని తన ఇంట్లో ఒక చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు ఎనభై అమర్చి వెలిగించాడు. చెట్టు తనంతట తాను గుండ్రంగా తిరిగే ఏర్పాటు కూడా చేశాడు. ఎడిసన్ పెర్ల్ వీధి విద్యుత్కేంద్రం నడవడం మొదలై అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. అప్పటివరకు క్రైస్తవ గృహాలలో చెట్టుకు కట్టినవి మైనపువత్తులు. ఎండిన కొమ్మల మధ్య నిప్పు! పక్కన నీళ్ళ బాల్చీ పెట్టుకొని వెలిగించి, కొద్ది నిమిషాలలో ఆర్పివేసేవారు. జాన్సన్ చెట్టు ఆ భయాన్ని తీర్చేదే గాని, అది కలవారి వేడుక. ప్రతి బల్బుకూ తీగ చేతితో కలపాలి, అందుకు ఒక ఎలక్ట్రీషియను రావాలి. తీగ ముందుగానే అమర్చి, గోడకు తగిలిస్తే వెలిగే సరాలు 1903 ప్రాంతంలో బజారులోకి వచ్చాయి. 1923లో అధ్యక్షుడు కూలిడ్జ్ వాషింగ్టనులో వెలిగించిన జాతీయ వృక్షానికి 2500 బల్బులు కట్టారు. ఆ తరువాతే ఇది ఇంటింటి వాడుక అయిందని చెప్పవచ్చు.

ఇక్కడ ఒక పుక్కిటి పురాణం ఉంది. 1917లో న్యూయార్కులో మైనపువత్తులవల్ల ఒక అగ్నిప్రమాదం జరిగితే, అది విని చలించిపోయిన ఆల్బర్ట్ సడాకా అనే పదిహేనేళ్ళ బాలుడు విద్యుద్దీపాల సరాన్ని కనిపెట్టాడని అది చెబుతుంది. సడాకా సోదరులు తరువాతి కాలంలో ఈ వ్యాపారంలో హేమాహేమీలైన మాట నిజం. చిన్న చిన్న తయారీదారులు కూడి ఏర్పడిన నోమా సంస్థ 1926నుంచి దశాబ్దాలపాటు ఈ రంగాన్ని ఏలింది. కాని 1917కు ముందటి సరాలు, పెట్టెలతో సహా, సేకర్తల ఇళ్ళలో ఉన్నాయి! బాలుడు కనిపెట్టడానికి పద్నాలుగేళ్ళ ముందే అంగళ్ళలో అమ్ముడైన వస్తువులవి. కథ ఎంత ముద్దుగా ఉన్నా ప్రత్యక్ష ప్రమాణం ముందు నిలవదు. తాళపత్రాన్ని చూసి పీఠికలోని కథను సరిదిద్దుకొన్నట్టు, పెట్టెను చూసి ప్రచారకథను సరిదిద్దుకోవాలి. సేకరణవల్ల ఇంత ఉపకారం ఉంది కాబట్టే నేను సేకర్తలను గౌరవిస్తాను. అయితే ఆ ఉపకారం పెట్టె తెరిచి చూసినవారివల్ల జరిగింది.

నా దగ్గరున్న వాటిలో ఎక్కువ భాగం సి-6 అనే రకం. అంగుళంలో ఎనిమిదో వంతును ఒక కొలతగా తీసుకొని బల్బు లావును చెప్పే పద్ధతి అది. సి-6 అంటే ఆరు ఎనిమిదో వంతులు, అనగా ముప్పావంగుళం లావున్న శంకువు ఆకారపు బల్బు. తరువాత వచ్చిన సి-7, సి-9లు కొంచెం లావు. సి-6 బల్బు ఒక్కొక్కటి సుమారు 15 వోల్టులది. ఎనిమిదింటిని వరుసగా ఒకే తీగలో గుచ్చితే 120 వోల్టుల ఇంటి సరఫరాకు సరిపోతాయి. అందుకే ఒక్కటి పోతే ఎనిమిదీ పోతాయి. పోయినదేదో కనుక్కోవడానికి మంచి బల్బొకటి చేతిలో పట్టుకొని మొదటి హోల్డరునుంచి చివరిదాకా ఒక్కొక్కచోట పెట్టి చూడాలి. ఒకేసారి రెండు పోయాయో, ఎనిమిది చోట్ల పెట్టి చూసినా వెలగదు. క్రిస్మసుకు ముందురోజు తండ్రులు నేలమీద కూర్చొని చేసే ఈ తపస్సు ఆ దేశంలో ఒక తరం జ్ఞాపకాలన్నిటిలోనూ ఉంది. సి-7, సి-9లలో ప్రతి బల్బుకూ పూర్తి వోల్టేజి అందుతుంది కాబట్టి ఒకటి పోయినా తక్కినవి వెలుగుతాయి.

ఈ పెట్టెలలో కొన్నింటిమీద “మజ్దా” అని ఉంటుంది. జనరల్ ఎలక్ట్రిక్‌వారు 1909లో తమ టంగ్‌స్టన్ తీగ బల్బులకు పెట్టుకొన్న పేరు. అది చూసి నాకు ఎక్కడలేని ఉత్సాహం పుట్టింది. పారసీకుల పరమేశ్వరుడు అహుర మజ్దా. ఆ అహుర శబ్దం మన అసుర శబ్దానికి తోబుట్టువు. (అసురులంటే రాక్షసులేనని అనుకోకండి. ఋగ్వేదంలో వరుణాదులకు అది గౌరవ విశేషణం.) ఆ దేవుణ్ణి కొలిచేవారు అగ్నిని ఆరనివ్వరు. గుజరాతులోని ఉద్వాడలో వారి పవిత్రాగ్ని శతాబ్దాలుగా జ్వలిస్తున్నది. అటువంటి దేవుని పేరు మోస్తున్న బల్బును తొంభై ఏళ్ళు అట్టపెట్టెలో చీకటిలో ఉంచి, “చూడండి, ఒక్కసారైనా వెలిగించలేదు” అని గర్వపడడం! దీన్ని ఏ అలంకారంలో చేర్చాలో మీరే చెప్పండి.

ఇక ప్రతివాదుల వాదాలు.

వెలిగిస్తే కాలిపోతుంది, కాలిపోతే మళ్ళీ పుట్టదు అంటారు. ఆ మాట కాదనను. ఆ బల్బులు చేసిన యంత్రాలూ లేవు, చేతులూ లేవు. నోమా సంస్థ 1960ల మధ్యలో దివాలా తీసింది. తరువాత ఆ పేరు మాత్రం చేతులు మారింది. కాని వెలిగించడమంటే పూర్తి వోల్టేజితో కాల్చడమే అని ఎవరన్నారు? టంగ్‌స్టన్ తీగ ఆయుస్సు వోల్టేజిని బట్టి ఎంత తీవ్రంగా మారుతుందో విద్యుద్దీపాల శాస్త్రం తెలిసినవారందరికీ తెలుసు. వోల్టేజిని నూటికి పది తగ్గిస్తే ఆయుస్సు దాదాపు నాలుగింతలవుతుంది. వెలుతురు మాత్రం నూటికి ముప్పై వంతులే తగ్గుతుంది. సి-6 సరానికైతే యంత్రం కూడా అక్కరలేదు. ఎనిమిది హోల్డర్ల వరుసలో తొమ్మిదోది చేర్చండి. ఒక్కొక్క బల్బుకు 15కు బదులు 13 చిల్లర వోల్టులు అందుతాయి. వెలుతురు మూడింట రెండు వంతులుంటుంది, ఆయుస్సు నాలుగింతలు దాటుతుంది. పదోది కూడా చేర్చితే వెలుతురు సగానికి దిగుతుంది గాని ఆయుస్సు పది రెట్లకు మించి పోతుంది. పైగా ఆ కాలంలో అమెరికా ఇళ్ళకు అందిన సరఫరా 110, 115 వోల్టుల దగ్గర ఉండేది. నేడు 120. కనుక వోల్టేజి తగ్గించి వెలిగించడమే ఆ బల్బుకు దాని యౌవనకాలపు వాతావరణం కల్పించడం. సి-7, సి-9లకు వెలుతురు తగ్గించే డిమ్మరు ఒకటి చాలు. పండుగ పది రోజులు, రోజుకొక గంట. ఈ లెక్కన వెలిగించిన బల్బు నన్నూ మిమ్మల్నీ దాటి మనుమల చేతికి పోతుంది. లెక్క ఇంత తేలికైనప్పుడు “కాలిపోతుంది” అనేది భయమే గాని హేతువు కాదు.

“మేము గుడ్డిగా దాచడం లేదు, మీటరుతో పరీక్షించాము, తీగ తెగలేదు” అనేది రెండో మాట. మీటరు చెప్పేది తీగ తెగిందా లేదా అన్నంతవరకే. బల్బులో శూన్యం నిలిచి ఉందా అన్నది చెప్పదు. గాజుకూ ఇత్తడి మూతికీ మధ్య, తీగ లోపలికి పోయేచోట, కంటికి కనబడని పగులు పడి ఏళ్ళ తరబడి గాలి చేరితే తీగ చెక్కుచెదరకుండానే ఉంటుంది. మీటరు శుభం పలుకుతుంది. విద్యుత్తు ఇచ్చిన క్షణంలో తెల్లని పొగ కమ్మి బల్బు అంతమవుతుంది. అంటే పెట్టె విప్పని ఆ నిధిలో ఎన్ని దీపాలు జీవించి ఉన్నాయో దాచినవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. ముగ్గురూ నమ్ముతున్నారు. దీనికి సంరక్షణ అనే పేరు ఎలా చెల్లుతుంది? బంధువు క్షేమంగా ఉన్నాడని, పదేళ్ళుగా తలుపు తట్టకుండా చెప్పినట్టుంది.

పెట్టెలో ఉన్నది పాడుకాదు అనేది కూడా భ్రమే. తీగమీది రబ్బరు వాడినా వాడకపోయినా గట్టిపడి పెళుసుబారుతుంది. గాలే దానికి శత్రువు. మీద అల్లిన నూలు నూతన వస్త్రంలా మెరుస్తుంటుంది, లోపల రబ్బరు పొడిపొడిగా రాలుతుంటుంది. అటువంటి తీగను మొదటి పండుగనాడే, అమాయకంగా, గోడకు తగిలించే మనుమడిని తలచుకోండి. “ఎన్నడూ వాడలేదు, కొత్తదే” అని కదా మీరతనికి చెప్పి పోయేది!

ఇక్కడే వారి వాదాలలో బలమైనది వస్తుంది. మంట. పాత దీపాలు ఇల్లు తగలబెట్టగలవు అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఎనభై ఏళ్ళ తీగకు విద్యుత్తు ఇవ్వమని నేను ఎన్నడూ చెప్పను. ఎండిన చెట్టుకు ఈ వేడి బల్బులను ఆనించమనీ చెప్పను. పాత తీగను విప్పి, చుట్టి, చీటీ వ్రాసి, దాని పెట్టెలోనే భద్రం చేయాలి. బల్బులను కొత్త హోల్డర్లలో, కొత్త తీగమీద, ఫ్యూజు పెట్టి, మనిషి ఎదుట ఉన్నంతసేపే వెలిగించాలి. మూలం మూలంగానే ఉంటుంది, వెలుగు వెలుగుగానే ఉంటుంది. బ్రౌనుదొర పుణ్యమా అని మనకు ఈ మర్యాద తెలిసినదే. ఆయన తాళపత్రాలు కొని తాళం వేసుకోలేదు. పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి శుద్ధప్రతులు వ్రాయించాడు. మూలప్రతి నలగకుండానే గ్రంథం నలుగురి చేతుల్లోకి వెళ్ళింది. (ప్రసంగవశాత్తు: 1959నుంచి అమెరికాలో వెల్లువెత్తిన అల్యూమినియం చెట్లకు మాత్రం విద్యుద్దీపాలు కట్టనే కూడదు. చెట్టంతా లోహమే గనుక ప్రాణం తీస్తుంది. వాటికి దూరంనుంచి రంగుల చక్రం తిప్పుతూ వెలుతురు పడేట్టు చేసేవారు.)

రెండు రకాల విషయంలో నేనూ కొంత తగ్గుతాను. ఒకటి బొమ్మ బల్బులు. మొదట ఆస్ట్రియా, జర్మనీలనుంచి, తరువాత విరివిగా జపానునుంచి వచ్చినవి. క్రిస్మసు తాత, పక్షి, పండు, ఇల్లు ఇట్లా గాజును ఊది మీద రంగు పూసినవి. కొన్నింటి పెట్టెలమీద “ఆక్యుపైడ్ జపాన్” అని ఉంటుంది. యుద్ధంలో ఓడి అమెరికా ఆధీనంలో ఉన్న దేశం, గెలిచిన దేశపు పిల్లల పండుగకు బొమ్మలు చేసి పంపింది! ఆ రెండు మాటల పెట్టెమూతను చాలాసేపు చేతిలో పట్టుకొని కూర్చున్నాను. ఆ పాలగాజుమీది రంగు వేడికి పెచ్చులూడుతుంది. వాటిని తగ్గించిన వోల్టేజితో పండుగనాడు అయిదు నిమిషాలు వెలిగిస్తే చాలు. రెండోది బుడగల దీపం. కార్ల్ ఓటిస్ కనిపెట్టగా నోమావారు 1946లో తెచ్చినది. అడుగున బల్బు, మీద సన్నని గాజుగొట్టం, అందులో సుమారు 40 డిగ్రీలకే మరిగే మిథిలీన్ క్లోరైడ్ ద్రవం. బల్బు వేడికి బుడగలు సన్నని ధారగా పైకి పాకుతుంటాయి. దీనికి వేడి తగ్గిస్తే ఆట ఆగిపోతుంది. ఆ ద్రవం విషం కూడా, గొట్టం పగిలితే కిటికీలు తెరిచి దూరంగా జరగాలి. కాబట్టి జాగ్రత్త అవసరమే. కాని బుడగ లేవని బుడగ దీపాన్ని పెట్టెలో చూసి ఆనందించమనే సిద్ధాంతం నాకు మరీ వింతగా ఉంది.

వెలిగించకపోతే నష్టమేమిటి, చూడడానికి అదే గాజు కదా అన్నారు ఒక పెద్దమనిషి. నష్టం చెబుతాను. ఈ బల్బులలో నీలం ఎప్పుడూ మసకగా, లోతుగా, దాదాపు నల్లగా వెలుగుతుంది. ఎందుకంటే లోపలి తీగ వెలుగులో నీలం పాలు బహుస్వల్పం. రంగుపూత తక్కిన కాంతినంతా ఆపి ఆ కొంచెం నీలాన్నే వదులుతుంది. ఎరుపు, నారింజ మాత్రం నిప్పుకణికల్లా ఉంటాయి. ఆ ఎగుడుదిగుడు వల్లనే చెట్టుకు లోతు వస్తుంది. కొన్ని వెలుగులు దగ్గరగానూ, కొన్ని కొమ్మల లోపలగానూ తోస్తాయి. నేటి ఎల్.ఇ.డి. సరంలో నీలం అన్నిటికంటే ముందు వచ్చి కంట్లో గుచ్చుకొంటుంది. ఇంకా పూర్వపు కార్బన్ తీగ బల్బైతే వెలిగీ వెలగకుండా ఒక క్షణం తటపటాయించి, తేనెరంగులోకి మెల్లగా మేలుకొంటుంది. ఇవేవీ పెట్టెలో లేవు. ఛాయాచిత్రంలోనూ లేవు. ఇప్పుడు “పాతకాలపు వెలుగు” అని పేరుపెట్టి ఎల్.ఇ.డి. బల్బులు అమ్ముతున్నారు. అవి పాతవాటిని పోలి ఉన్నాయో లేదో తేల్చవలసింది పాతవి వెలుగుతుండగా చూసిన కళ్ళే. ఆ కళ్ళు తరిగిపోతున్నాయి. అందరూ పెట్టెలు బిగించి కూర్చొంటే, ఒకనాటికి గాజు మిగిలి, పోల్చుకొనే మనిషి మిగలడు.

అసలు కారణం చెప్పేస్తాను. పెట్టె విప్పకపోవడం వెనుక ఉన్నది ప్రేమ కాదు, మారుబేరం. విప్పని పెట్టె చేతినుంచి చేతికి పోతుంటుంది, ప్రతి చేతిలోనూ ధర పెరుగుతుంది. ఎవరూ విప్పరు గనుక లోపల ఏముందో ఎవరికీ బాధ లేదు. మోసానికి ఇంతకంటె సుఖమైన చోటు ఉంటుందా? “చేయి తగలనిది” అని ప్రమాణపూర్వకంగా చెప్పి నాకొకరు అమ్మిన మజ్దా పెట్టెను నేను ఇంటికి వచ్చీ రాగానే విప్పాను. ఎనిమిదింటిలో మూడు జపాను బల్బులు! మూతికి చుట్టూ జపాను అని చెక్కే ఉంది. అడిగితే ఆయన మోసం చేశానని ఒప్పుకోలేదు సరికదా, నేను విప్పడమే అపచారమన్నట్టు మాట్లాడాడు. విప్పకుండా ఉంటే మీకూ సంతోషమే, తరువాత కొనేవారికీ సంతోషమే కదా అన్నాడు. సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటలో బయటపడింది.

అందరూ ఇట్లాంటివారని నేననను. 1980లో ఏర్పడిన ఒక సేకర్తల సంఘం పేరే “గోల్డెన్ గ్లో ఆఫ్ క్రిస్మస్ పాస్ట్”. గతకాలపు క్రిస్మసు బంగారు వెలుగు. పేరు పెట్టినవారు వెలుగు అనే అన్నారు, పెట్టె అనలేదు.

మన సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ దసరా పందిళ్ళకూ కట్టే “సీరియల్ సెట్టు” ఇదే విద్య. వరుస అనే అర్థంలోని సీరీస్ మన నోట సీరియల్ అయింది. (దూరదర్శను ధారావాహికలకూ దీనికీ సంబంధం లేదు, ఒకటి పోతే అన్నీ పోవడం దీనికే చెల్లు.) నా చిన్నతనంలో మా ఊరి ఎలక్ట్రీషియను టార్చిలైటు బల్బులు నలభై దాకా వరుసగా టంకం వేసి, ఒక్కొక్కదానికి రంగు జిలెటిన్ కాగితం చుట్టి, 230 వోల్టులకు తగిలించేవాడు. క్రిస్మసుకు మా వీధి చివరి చర్చిలో వెదురు నక్షత్రం చుట్టూ కట్టినవీ, వినాయక చవితి పందిరిలో కట్టినవీ ఒకే సరాలు. ఎవరి పండుగకు ఎవరు ముందుగా చెబితే వారికి. వాటిలో ఒక్కటి ఎక్కడైనా మిగిలి ఉందా? నేను విచారించినంతలో దొరకలేదు. మనం వెలిగించి వెలిగించి పారవేశాము, వారు పారవేయకుండా దాచి వెలిగించడం మానేశారు. ఈ రెండింటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే, వెలిగి పోయిందే మేలంటాను. కనీసం నా కంట్లో ఉంది.

అందుచేత నా కోరిక ఒకటే, అది అత్యాశ కూడా కాదు. ఒకే రకం పెట్టెలు పది ఉన్నవారు ఒకదాన్ని విప్పకుండా ఉంచుకోండి, రేపటి పరిశోధకులకు పనికివస్తుంది. తక్కిన తొమ్మిదీ విప్పండి. తీగ మార్చండి, వోల్టేజి తగ్గించండి, ఇరుగుపొరుగు పిల్లలను పిలిచి చూపండి. అమ్మేటప్పుడు “ఎన్నడూ వెలిగించలేదు” అని వ్రాయడం మాని “ఫలానా యేడాది వెలిగించి చూశాము, ఎనిమిదీ వెలిగాయి” అని వ్రాయండి. కొనేవారు దానికే ఎక్కువ ఇవ్వడం నేర్చుకొంటే ఈ మూఢాచారం పదేళ్ళలో పోతుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగువారికి ప్రత్యేకంగా రెండు మాటలు. మీలో చాలామంది దీపావళికి ఇంటిముందు కట్టిన సరాలను క్రిస్మసు దాటేదాకా ఉంచుతారని నాకు తెలుసు. పాత ఇల్లు కొన్నప్పుడు అటకమీద వెనుకటివారు వదిలేసిన పెట్టె ఏదైనా కనిపిస్తే చెత్తబండికి వేయకండి. ఉత్సాహం కొద్దీ గోడకు తగిలించనూ వద్దు. మొదట మూతమీద వ్రాతలన్నీ, పెన్సిలు గీతలతో సహా, ఫొటో తీసుకోండి. హోల్డర్లు ఎన్నో లెక్కపెట్టండి. ఎనిమిదే ఉండి, ప్లగ్గునుంచి ఒక్కొక్క హోల్డరు మీదుగా ఒకే తీగ వరుసగా పోతుంటే అది సి-6 సరం. తీగను మెల్లగా వంచి చూడండి. రబ్బరు చిట్లిన చప్పుడైతే అక్కడితో ఆపి, బల్బులు మాత్రం విప్పుకోండి. గాజును పట్టుకొని తిప్పకండి, మూతిని పట్టుకొని తిప్పండి. తడిగుడ్డతో తుడవకండి, రంగు గుడ్డకు వస్తుంది. కొత్త హోల్డర్లు తొమ్మిది తెప్పించుకోండి. తొమ్మిదో బల్బు దొరకకపోతే నాకు వ్రాయండి, నా దగ్గర నీలంవి నాలుగు అదనంగా ఉన్నాయి.